బిళ్ల సరైనదే

రాత్రి పదీ నలభై. మాస్టారి ఇంటి గేటు గొళ్లెం చప్పుడు కాకుండా తీశాను. అరుగు మీద కుక్క తలెత్తి, నేనేనని తెలుసుకుని మళ్లీ ముడుచుకుంది. హాల్లో లైటు వెలుగుతూనే ఉంది. ఆ వారంలో నేనలా వెళ్లడం నాలుగోసారి.

"పిన్నిగారూ, మొన్న ఇచ్చిన బిళ్లలు ఒక్కసారి చూపిస్తారా?"

ఆవిడకిది కొత్త కాదు. మందుల డబ్బా తెచ్చి పీట మీద పెట్టి, లోపలికెళ్లి మజ్జిగ తెచ్చారు. "ఇంటికొచ్చి చూసుకునేవాళ్లెవరున్నారు నాయనా ఈ రోజుల్లో" అంటూ పక్కనే కూర్చుని ఇంకా ఏదో చెబుతున్నారు. నేను సెల్‌ఫోను వెలుగులో షీటు వెనక అక్షరాలు చదువుతున్నాను. మందు పేరు, మోతాదు, బ్యాచి నంబరు, గడువు తేదీ. కవరు మీద నా చేతిరాతే: వారానికి ఒక్కటే, మంగళవారం. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మజ్జిగ తాగి ఇంటికొచ్చి పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చింది. కవరు మీద 'వారానికి' అని నిజంగా ఉందా, ఉండాలనుకుంటూ చదివానా?

పాలకొల్లులో నాకు మందుల షాపుంది. డి.ఫార్మసీ చదివి 1999లో పెట్టుకున్నాను. ఊళ్లో మంచి పేరు. మందిచ్చి ఊరుకోడు, ఇంటికొచ్చి మరీ కనుక్కుంటాడు, దేవుడులాంటి మనిషి అని చెప్పుకునేవారు. పదేళ్లపాటు ఆ పొగడ్తలు అందుకున్నది నా జబ్బు. దాని పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓసీడీ.

ఆ మాట వినగానే మా ఊళ్లో జనం నవ్వుతారు. 2017లో వచ్చిన 'మహానుభావుడు' సినిమాలో శర్వానంద్ వేసిన అతిశుభ్రం కుర్రాడు గుర్తొస్తాడు. అంతకుముందు 'చాదస్తం' అనే మాటతో సరిపెట్టుకునేవాళ్లం. మా నాయనమ్మ కాలంలో ఎంతమంది ఆడవాళ్ల జబ్బు మడి చాటున ఎవరికీ తెలియకుండా గడిచిపోయిందో. నా షాపులో రాకులు ఎప్పుడు చూసినా చిందరవందరే. చేతులు అందరిలాగే కడుక్కుంటాను. అందుకే నాకున్నది ఓసీడీ అని నాకే తట్టలేదు. ఆ జబ్బుకి వాడే సెర్‌ట్రలిన్ నా రాకులోనే ఉండేది, వారానికి ఇద్దరు ముగ్గురికి నా చేత్తోనే ఇచ్చేవాణ్ని.

ఈ జబ్బులో రెండు పనులు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. పిలవకుండా వచ్చి తలలో తిష్ఠ వేసే ఆలోచన ఒకటి. అది తెచ్చిన భయాన్ని చల్లార్చుకోవడానికి చేసే పని రెండోది. కడగడం, లెక్కపెట్టడం, తాళం లాగి చూడటం, మనసులో ఒకే మాట పదిసార్లు అనుకోవడం, "ఏం కాదు కదా?" అని పక్కవాళ్లని అడగడం, ఇవన్నీ ఆ పనులే. చేస్తే భయం తగ్గుతుంది, కాసేపు. ఆ కాసేపటి రుచి మరిగిన బుర్ర మళ్లీ అదే అడుగుతుంది. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో వెయ్యికి దాదాపు ఎనిమిదిమందికి ఓసీడీ ఉన్నట్టు తేలింది. ఆ 12లో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు. అయినా అదే లెక్క మా ఊరికి కడితే, అరవై వేలు దాటిన జనంలో మూడు వందల మందికి పైనే ఉండాలి. నాకు తెలిసి బయటికి చెప్పుకున్నవాళ్లు ఇద్దరు. అందులో ఒకణ్ని నేను.

మాస్టారికి రుమటాయిడ్ కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ వాడేవారు. ఫార్మసీ చదివిన ఎవడైనా ఆ పేరు చూడగానే సర్దుకుని కూర్చుంటాడు. కీళ్లవాతానికి దీన్ని వారంలో ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. అలా పోయినవాళ్లు లోకంలో ఉన్నారు. కాబట్టి నా భయానికి ఆధారం ఉంది, లేనిదల్లా హద్దు. కవరు మీద రాసి, నోటితో చెప్పి, తీసుకునేవాళ్ల చేత తిరిగి చెప్పించాక ఏ ఫార్మసిస్టయినా తర్వాతి చీటీ అందుకుంటాడు. నేనూ అందుకునేవాణ్ని. చేతులు కత్తెరతో షీటు కత్తిరిస్తుంటే, కళ్ల ముందు అరుగు మీద పడుకోబెట్టిన మాస్టారు, తల దగ్గర దీపం, పిన్నిగారి ఏడుపు.

బిళ్లలతో ఆగలేదు. రోడ్డు మీద మేకు కనిపిస్తే తీసేవాణ్ని. తీసి పక్కన పడేస్తే అక్కడ చెప్పుల్లేని పిల్లాడు తొక్కుతాడేమో. కాలవలో పడేస్తే దిగినవాళ్లకి గుచ్చుకుంటుందేమో. అలా ఇంటికి తెచ్చిన మేకులు బోర్న్‌వీటా డబ్బాడు అయ్యాయి.

తర్వాతెప్పుడో ఒక పాత కథ చదివి ఉలిక్కిపడ్డాను. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ 1909లో ఒక రోగి గురించి అచ్చు వేశాడు. ఆ రోగి ఇష్టపడిన ఆమె ఊరు విడిచి వెళ్లే రోజది. దారిలో అతని కాలికి రాయి తగిలింది. ఇంకాసేపటికి ఆమె బండి ఈ దారినే వస్తుంది, చక్రం ఈ రాయెక్కితే ఆమెకేమవుతుందోనని తీసి పక్కన పెట్టాడు. కొద్దిసేపటికి, ఇదేం వెర్రి అనిపించింది. వెనక్కెళ్లి ఆ రాయిని తీసుకొచ్చి మళ్లీ నడిరోడ్డు మీద పెట్టాడు. తియ్యడంలో ప్రేమ, తిరిగి పెట్టడంలో లోపల దాగిన ద్వేషం ఉన్నాయని ఫ్రాయిడ్ తేల్చాడు. అంత పెద్దాయనతో పేచీ పెట్టుకునే చదువు నాకు లేదు గానీ, మేకుల డబ్బా ఉన్నవాడిగా ఒక మాట చెప్పగలను. ఆ రాయి తిరిగి పెట్టిన క్షణంలో ఆ మనిషికి ఎవరి మీదా కోపం ఉండి ఉండదు. అలసట ఉండి ఉంటుంది.

చెడు ఆలోచన రావడమే జబ్బేమో అనుకుంటాం. మనస్తత్వవేత్తలు స్టాన్లీ రాక్‌మన్, శ్రీలంక నుంచి లండన్ వెళ్లి స్థిరపడిన పద్మల్ డి సిల్వా కలిసి 1978లో ఏ జబ్బూ లేనివాళ్లని అడిగి చూశారు. పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది, మాకూ అలాంటి పాడు ఆలోచనలు వస్తాయన్నారు. ఎదురొచ్చే బస్సు కిందికి పక్కవాణ్ని తోసేస్తే, చేతిలో పసిబిడ్డని జారవిడిస్తే అనేలాంటివి. బాలింతల్ని అడిగిన ఒక కెనడా పరిశోధనలో, బిడ్డకి తామే కావాలని హాని చేస్తున్నట్టు ఆలోచన ఒక్కసారైనా వచ్చిందన్నవాళ్లు దాదాపు సగం మంది. మామూలు మనిషి ఛీ అనుకుని పక్కకి నెట్టేస్తాడు. ఓసీడీ ఉన్న మనిషి అక్కడే ఆగిపోతాడు. ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నేనెలాంటివాణ్ని? రాక్‌మన్ బృందమే 1996లో దీనికొక పేరు పెట్టింది. తలపునీ చేతనీ ఒకటిగా ముడివేసుకోవడం. అనుకుంటే చేసినంత పాపమనీ, అనుకుంటే జరిగి తీరుతుందనీ నమ్మడం.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. బిడ్డని ఏమైనా చేసేస్తానేమోనని వణికిపోయి కత్తిపీట దాచేసే తల్లి, బిడ్డకి ప్రమాదం కాదు. ఆ ఆలోచన ఆమెకి ఇష్టమైంది కాదు గనకే అంత వణుకు. ఆ సంగతి అత్తగారికి చెబితే "దయ్యం పట్టింది" అంటారని నోరు మూసుకునే ఆడపిల్లలు ఎందరో ఉంటారు.

పాల్ సాల్కోవ్‌స్కిస్ అనే ఇంగ్లండు మనస్తత్వవేత్త 1985లో ఇంకో ముక్క పట్టుకున్నాడు. ఈ రోగులకి బాధ్యత అనే భావం పొంగిపోయి ఉంటుందన్నాడు. జరగబోయే కీడుని ఆపే శక్తి నా చేతిలో రవ్వంత ఉన్నా, ఆపకపోతే చేసిందీ నేనే అనుకుంటారట. అచ్చం నేనే. ఊళ్లో పన్నెండు మందుల షాపులుంటే, ఊరందరి ప్రాణాలూ నా కత్తెర కిందే ఉన్నట్టు బతికాను.

ఇంత చెప్పాక, ఓసీడీ ఉన్నవాళ్లు దయగలవాళ్లు, ఎదుటివాళ్ల బాధ ఎక్కువ పట్టించుకునేవాళ్లు అని మీకనిపించాలి. నాకూ అలాగే అనిపించేది. మాస్టారింటికి వెళ్లిన ఆ నాలుగో రాత్రి మిగతా సగం చెబుతాను.

మర్నాడు ఉదయం షాపు తీస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. "మాస్టారిని నిన్న సాయంత్రం భీమవరం ఆస్పత్రికి తీసుకెళ్లారంటండీ. రాత్రి మీకు చెప్పానని పిన్నిగారు అంటున్నారు, నాతో ఒక్క మాటన్నా అన్నారు కాదే?"

నాకెవరు చెప్పారు అనబోయాను. అప్పుడు వినిపించింది, నిన్న రాత్రి నా చెవి పక్కన పలికిన గొంతు. "సాయంత్రం ఆయాసం ఎక్కువైంది నాయనా. అబ్బాయి హైదరాబాదు నుంచి బయల్దేరాడు. రేపు మంగళవారం, అక్కడ ఈ బిళ్ల వెయ్యాలో వద్దో ఎవర్నడగాలో తెలీట్లేదు." షీటు చదవడం పూర్తి చేసి నేనన్న మాట కూడా వినిపించింది.

"హమ్మయ్య. కరెక్టేనండీ."

ఆ వేళప్పుడు హాల్లో లైటెందుకుందని అడగలేదు. పక్కనే ఖాళీ మంచం కనపడలేదు. బిళ్ల వెయ్యాలో వద్దో చెప్పగలిగిన మనిషి ఆ వీధిలో నేనొక్కణ్నే, నన్నే అడిగారు, నేను మజ్జిగ తాగి వచ్చేశాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి సామెత చిన్నప్పుడు మాకు మాస్టారే చెప్పారు.

మూడోరోజు ఆయన పోయారు. గుండె. డాక్టర్లు కాయితం మీద రాసిచ్చారు. నా జబ్బుకి అది చాల్లేదు. నా బిళ్ల వల్లే అయితే? ఆ బ్యాచి అమ్మిన స్టాకిస్టుకి ఫోన్, బిల్లు పుస్తకాలు తిరగెయ్యడం, మిగిలిన బిళ్లలు లెక్కపెట్టడం. పదకొండో రోజు దాటకుండానే వాళ్ల అబ్బాయికి రెండుసార్లు ఫోన్ చేసి ఆస్పత్రి కాయితాల్లో ఏం రాశారో చదవమన్నాను. రెండోసారి అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "అన్నయ్యా, మా నాన్న గుండెతో పోయారు. నన్ను కాస్త ఏడవనివ్వు."

వైద్యానికి బయల్దేరింది ఆ మాట తర్వాతే.

తెలుగులో సానుభూతి, సహానుభూతి అని రెండు మాటలున్నాయి, ఒకదాని చోట ఇంకొకటి వాడేస్తుంటాం. నాకు మాత్రం పుస్తకాల మాట కన్నా 'కడుపు తరుక్కుపోయింది' అనేదే దగ్గరగా అనిపిస్తుంది. బాధ ఎదుటివాళ్లది. తరుక్కుపోయే కడుపు మనది. చిక్కంతా అక్కడే ఉంది.

టానియా సింగర్ అనే శాస్త్రవేత్త 2004లో లండన్‌లో 16 జంటలతో ఒక ప్రయోగం చేసింది. ఆడవాళ్లని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, ఒకసారి వాళ్ల చేతికీ, ఒకసారి పక్కన కూర్చున్న భాగస్వామి చేతికీ కరెంటు చురక తగిలించారు. తమ చేతికి తగిలినప్పుడు మెదడులో నొప్పి ఎక్కడుందో చెప్పే భాగమూ, ఆ నొప్పి తాలూకు బాధని మోసే భాగమూ రెండూ కదిలాయి. ఆయనకి తగిలినప్పుడు రెండోది మాత్రమే కదిలింది. అంటే ఎదుటివాడి నొప్పి మనలో నిజంగానే మోగుతుంది. అలా మోగాక రెండు దారులుంటాయని సింగర్, ఆమెతో పనిచేసిన ఓల్గా క్లిమెకి తర్వాతి ఏళ్లలో వివరించారు. ఒక దారి ఎదుటివాడి వైపు వెళ్తుంది, ఏం కావాలో చూద్దామని. రెండోది మనలోకే తిరుగుతుంది, ఈ బాధ నేను భరించలేను, ముందు ఇది ఆగాలని. ఆ రాత్రి నన్ను మాస్టారింటికి నడిపించింది రెండో దారే. బయటి నుంచి చూసేవాళ్లకి రెండు దారులూ ఒకే గేటు దగ్గరికి వెళ్తాయి.

అమెరికన్ మనస్తత్వవేత్త మార్క్ డేవిస్ 1980ల మొదట్లో సహానుభూతిని కొలవడానికి 28 వాక్యాల ప్రశ్నాపత్రం తయారుచేశాడు. దాంట్లో నాలుగు పాయలు. ఎదుటివాడి కోణం నుంచి చూడగలగడం, కథల్లో పాత్రల్లో లీనమైపోవడం, ఎదుటివాళ్ల మీద ఆదుర్దా, ఎదుటివాళ్ల కష్టం చూసి మనం కలతపడి కాళ్లూచేతులూ ఆడకపోవడం. బ్రెజిల్‌లోని రియో డి జనైరోలో లియొనార్డో ఫాంటెనెల్, తోటి పరిశోధకులు దీన్ని ఓసీడీ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఇచ్చి 2009లో ఫలితాలు ప్రచురించారు. జబ్బున్నవాళ్లకి ఆదుర్దా ఎక్కువ, కలత కూడా ఎక్కువ. ఎదుటివాడి కోణం గురించి తర్వాత వచ్చిన పరిశోధనలు ఒకే మాట మీద లేవు. కలత ఎక్కువన్నది మాత్రం మళ్లీ మళ్లీ కనబడుతోంది.

ప్రశ్నాపత్రమంటే మన గురించి మనం చెప్పుకునేదే అని మర్చిపోకూడదు. పెళ్లిచూపుల్లో పిల్లాడి గుణగణాలు పిల్లాణ్నే అడిగినట్టు. నేను కూడా ఆ ప్రశ్నలు ముందు పెట్టుకుని మార్కులేసుకున్నాను. ఆదుర్దాలో దండిగా వచ్చాయి. కోణం దగ్గరా బాగానే వేసుకున్నాను. మా ఆవిడ కాయితం లాక్కుని అక్కడ కొట్టేసింది. "ఊరందరి బిళ్లలూ గుర్తుంటాయి మీకు. పోయిన నెల మీ కూతురికి మూడ్రోజులు జ్వరం. ఏ బిళ్ల వేశానో అడిగారా?" అడగలేదు. ఇంట్లోవాళ్లకి నేను బిళ్లలు కట్టను, అంచేత అక్కడ నా నేరం ఉండే వీల్లేదు. నేరం లేనిచోట నా దయ పనిచేసేది కాదు. ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

మా ఆవిడ గురించీ చెప్పాలి, ఎందుకంటే సహానుభూతి ఈ ఇంట్లో రెండువైపులా పనిచేసింది. "నేను కవరు మీద రాశానంటావా?" అని రాత్రుళ్లు అడిగేవాణ్ని. "రాశారు, నేను చూశాను" అనేది. చూసి ఉండదు, షాపుకే రాలేదు. నేను నలిగిపోతుంటే చూడలేక అనేది. ఒక రాత్రి లెక్కపెట్టింది, ముప్ఫై ఒక్కసార్లు. నా బదులు తనే జనానికి ఫోన్లు చేసి, "ఊరికే పలకరిద్దామని చేశానండీ, మందులు వేసుకుంటున్నారా?" అని కనుక్కునేది. ఆ ప్రేమే నా జబ్బుకి మూడుపూటలా మేత. ఇలా ఇంట్లోవాళ్లు రోగికి సర్దుకుపోతూ జబ్బుని పెంచడం ఓసీడీ ఉన్న ఇళ్లలో చాలా మామూలని తర్వాత తెలిసింది.

వైద్యానికి నర్సాపురం నుంచొచ్చే పాసింజరెక్కి విజయవాడ వెళ్లాం. పాలకొల్లులో చూపించుకుంటే చీటీ నా షాపుకే రావాలి. మానసిక వైద్యుడు సెర్‌ట్రలిన్ రాశారు, 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 200 దాకా తీసుకెళ్లారు. దిగులు జబ్బుకి కన్నా ఓసీడీకి మోతాదు ఎక్కువ పడుతుంది, పదీ పన్నెండు వారాలు ఓపిక పడితే గానీ గుణం తేలదు. మూడోవారానికే "పనిచెయ్యట్లేదండీ" అని మానేసినవాళ్లకి కౌంటర్లో నేనేమీ చెప్పకుండా పంపేసేవాణ్నని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు విజయవాడలో ఇంకొకరి షాపు ముందు వరసలో నిలబడి, నా రాకులో ఉన్న బిళ్లల్నే డబ్బిచ్చి కొనుక్కున్నాను. కౌంటర్లో కుర్రాడు కవరు మీద ఏమీ రాయలేదు. వాడి మీద అసూయ కలిగింది.

బిళ్లతో పాటు చేయించిన వైద్యాన్ని ఈఆర్‌పీ అంటారు. భయం పుట్టే చోటికి కావాలని వెళ్లాలి, భయం తీర్చే పని మాత్రం చెయ్యకూడదు. విక్టర్ మేయర్ లండన్‌లో ఇద్దరు రోగులతో దీన్ని మొదలుపెట్టి 1966లో ప్రచురించాడు. ఇప్పటికీ ఈ జబ్బుకి మాటల వైద్యాల్లో దీన్ని మించింది లేదు. చిన్న భయం నుంచి పెద్ద భయం దాకా నిచ్చెనలా మెట్లు కట్టుకుని ఎక్కాలి. నా నిచ్చెన తొలిమెట్టు థైరాయిడ్ బిళ్ల. ఇచ్చాక ఫోన్ చెయ్యకూడదు. చివరిమెట్టు మెథోట్రెక్సేట్. కౌంటరు దగ్గర ఒక్కసారి చీటీ, షీటు, కవరు మూడూ పక్కపక్కన పెట్టి పైకి చదవాలి, తీసుకునేవాళ్ల చేత చెప్పించాలి, అంతే. రెండో చూపు జబ్బుది. జేబులో ఒక కాయితం పెట్టుకోమన్నారు. నా చేత్తోనే రాసింది: 'నేనిచ్చిన బిళ్ల తప్పయి ఉండొచ్చు. నాకెప్పటికీ తెలియకపోవచ్చు.' ఏడు వారాలు ఆ కాయితం చొక్కా జేబులో, గుండెకి ఆనుకుని. ఉతుకులో ఒకసారి తడిసిపోతే మళ్లీ రాయించారు.

మా ఆవిడకీ పని పెట్టారు. నేనడిగితే జవాబు చెప్పకూడదు. "ఆయన విలవిల్లాడుతుంటే గుడ్లప్పగించి చూడమంటారా?" అని అక్కడే కన్నీళ్లు పెట్టుకుంది. నాకన్నా తనకే కష్టమైంది. మొదటి రాత్రి "రాశానంటావా?" అన్నాను. దుప్పటి నెత్తిన కప్పుకుని, "కష్టంగా ఉందని తెలుసు. చెప్పను" అంది. ఇద్దరం తెల్లారేదాకా మేలుకునే ఉన్నాం.

నాకు ఇంకో భయం ఉండేది. ఇలా చూసుకోవడం మానేస్తే రాయిలాంటి మనిషినైపోతానేమోనని. వైద్యం చేసే మేడంగారితో అదే అన్నాను. "బాధ్యత లేనివాణ్ని చేస్తారేమోనండి నన్ను."

"మాస్టారి గురించి రోజుకి ఎన్నిసార్లు అనుకునేవారు?"

"వందసార్లు."

"ఆ వందలో ఆయన బతికుండి, మీతో మాట్లాడుతున్నవి ఎన్ని?"

ఒక్కటీ లేదు. నాకు ముప్ఫై ఏళ్లు తెలిసిన మనిషి. ఎక్కాలు తప్పితే చెవి మెలిపెట్టిన మనిషి, నా షాపు ప్రారంభానికి రిబ్బను కత్తిరించడానికి మా కత్తెర మొండిదని ఇంటి నుంచి కత్తెర తెచ్చుకున్న మనిషి. నా తలలో ఆయన ఎప్పుడూ శవమే. శవం, దాని పక్కన తలొంచుకుని నేను. ఆ బొమ్మలో జనమంతా చూస్తున్నది నన్నే.

జబ్బు పోయిందని చెప్పను. వానాకాలం కీళ్లనొప్పిలా వస్తుంది, కూర్చుంటుంది. కూర్చోనిస్తాను. కౌంటర్లో జనం చెప్పేవి కొత్తగా వినబడుతున్నాయి. ఇన్సులిన్ కొనడానికొచ్చే రిక్షా ఆయన, దాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో ఫ్రిజ్ లేదని నాకు ఆరేళ్లుగా చెబుతున్నాడట. కొత్త కుండలో, నీడన, తడిగుడ్డ చుట్టి ఎలా పెట్టుకోవాలో మొన్న చూపించాను. మనసు జబ్బు సంగతి ఎవరైనా అడిగితే, మానసిక ఆరోగ్య సాయానికి ఉన్న టెలీ మానస్ ఫోను నంబరు 14416 బిల్లు వెనక రాసిస్తున్నాను. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. మా ఊళ్లో పిచ్చాసుపత్రి పేరెత్తితే పెళ్లి సంబంధాలు పోతాయి, ఫోనైతే ఎవరికీ తెలీదు.

పోయిన కార్తీకంలో పిన్నిగారు బీపీ బిళ్లలకి తనే వచ్చారు. ఎప్పుడూ పక్కింటి కుర్రాణ్ని పంపేవారు. బిళ్లలు తీసుకుని కదల్లేదు.

"కోపమొచ్చిందా నాయనా? రావడం పూర్తిగా మానేశావు."

కౌంటరు మీదికి వంగి అంతా చెప్పాను. అది జబ్బని, ఆ రోజు ఆవిడ మాట వినలేదని, క్షమించమని. ఆవిడ సగం విన్నారు.

"జబ్బో గిబ్బో. రాత్రిపూట గేటు చప్పుడైతే ఎవరో ఒకరొచ్చారని ఉండేది" అన్నారు.

దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. మేడంగారిని అడిగితే, వెళ్లండి, పగటిపూట వెళ్లండి, డబ్బా మాత్రం తెరవకండి అన్నారు. ఆదివారం నాలుగింటికి వెళ్లాను. కుక్క ముసలిదైపోయింది, తలెత్తలేదు. పిన్నిగారు నన్ను చూసి అలవాటుగా లోపలికెళ్లి మందుల డబ్బా తెచ్చి పీట మీద పెట్టారు.

"చూసుకో నాయనా."

మొన్నిచ్చింది ఆమ్లోడిపిన్ 5 ఏనా, 10 ఇచ్చానా? చేతివేళ్లు వాటంతటవే కదిలాయి. పీట మీద డబ్బా మూత సరిగ్గా పడలేదు, సందులోంచి వెండిరంగు షీటు అంచు కనబడుతోంది.

"ఆ రోజు ఆయాసం ఎన్నింటికి మొదలైంది పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ కొంగు సర్దుకుని చెప్పడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోంచేసి పేపరు చదువుకుంటున్నారట. కళ్లజోడు తుడవమని ఇచ్చారట. తుడిచి తెచ్చేసరికి గోడకి ఆనుకుని ఉన్నారట. మజ్జిగ గ్లాసు పెట్టడానికి చోటు లేకపోతే డబ్బాని కాస్త పక్కకి జరిపాను.

"ఆ కళ్లజోడు ఇప్పటికీ ఉంది, చూస్తావా?" అని లేచారు.